బ్లాకు లెక్కకు రాదు

మా క్యాంపులో పనిచేసి వచ్చినవాళ్ళు ఏ పెళ్ళిలోనో ఏ పరామర్శలోనో నలుగురు కలిస్తే ఆ వాలీబాల్ మ్యాచ్ మాట తప్పకుండా వస్తుంది. సెమీఫైనల్లో ఆఖరి పాయింటు దగ్గర మా లిఫ్టర్‌కు మతి పోయిందని, అవతలికి తోసేయవలసిన బంతిని మళ్ళీ పైకి లేపాడని, అందుకే ఓడిపోయామని చెప్పుకుంటారు. చెప్పుకుని నవ్వుకుంటారు. ఆ కథకు ఆ రూపం ఇచ్చింది నేను. అందులోని నవ్వు కూడా నాదే. కథ మాత్రం తప్పు.

ఎనభైల నడుమ మాట. మా కంపెనీ క్యాంపు బహ్రెయిన్ దేశంలోని బుసైతీన్‌లో ఉండేది. సముద్రాన్ని పూడ్చిన నేల మీద ఇళ్ళు కడుతున్నాం. మా ఊళ్ళకు అది బహ్రెయిన్ కాదు, దుబాయే. "మావోడు దుబాయిల ఉన్నడు" అనేది మా అమ్మ. క్యాంపులో తెలుగువాళ్ళం సగం మంది కరీంనగర్, నిజామాబాద్ వైపు నుంచి, సగం మంది కోస్తా నుంచి. వంట ఒక్కటే, బస్సు ఒక్కటే, మాటలే వేరు. మేము "పోయిండు" అంటే వాళ్ళు "ఎల్లిపోయాడు" అనేవారు. ఒకరినొకరం వెక్కిరించుకుంటూనే ఒక గిన్నెలో తినేవాళ్ళం.

నాది స్కఫోల్డింగ్ పని. గోడ చుట్టూ పైపులు నిలబెట్టి పలకలు పరిచే పని. పైనుంచి కిందికి రోజంతా అరవాలి: పైపు పంపు, క్లాంపు పంపు, పక్కకు జరుగు. దానితో నాకు పెద్ద గొంతు వచ్చింది. క్యాంపులో వాదన ఎక్కడ జరిగినా చివరికి నా గొంతే మిగిలేది.

డ్యూటీ అయ్యాక మట్టి ఖాళీలో వాలీబాల్ ఆడేవాళ్ళం. రెండు ఖాళీ డ్రమ్ముల్లో సిమెంటు పోసి, వాటిలో మా స్కఫోల్డింగ్ పైపులే పాతి, నెట్ కట్టాం. ఆట తెలియనివాళ్ళకు ఒక మాట చెప్పాలి. బంతి మన వైపు వచ్చాక మూడు టచ్‌ల లోపల అవతలికి పంపాలి. వెనక ఉన్నవాడు దాన్ని ఆపి ముందుకు పంపుతాడు. నెట్ దగ్గర ఉన్న లిఫ్టర్ దాన్ని పైకి లేపుతాడు. షూటర్ ఎగిరి కొడతాడు. పేరంతా షూటర్‌కే వస్తుంది. కానీ ఏ బంతి ఎవరికి, ఎంత ఎత్తున, ఎప్పుడు ఇవ్వాలో తేల్చేది లిఫ్టరే. ఆయన చేతుల్లోంచి పోని ఆట లేదు.

మా ఊళ్ళలో ఈ ఆటకు అంపైర్ ఉండడు. చూసేవాళ్ళే అంపైర్లు. బంతి ఎవరి వైపు ఉంటే వాళ్ళ టచ్‌లను అందరూ కలిసి పైకి లెక్కపెడతారు. ఒకటి, రెండు, మూడు. మూడు అన్నారంటే బంతి అవతల పడాలి. ఆడేవాళ్ళు ఆ లెక్క వింటూనే ఆడతారు, తలలో లెక్కపెట్టుకోరు. ఈ అలవాటును మేము బట్టలతోపాటు బహ్రెయిన్‌కు తెచ్చుకున్నాం. మా క్యాంపు మ్యాచ్‌లలో లెక్క ఎత్తుకునేది నేను. నేను "ఒకటి" అంటే వెనక అందరూ అందుకునేవారు.

ఇంకో సంగతి కూడా అప్పుడు మాతో వచ్చింది. అవతలివాడు కొట్టిన బంతిని నెట్ మీద చేతులు చాచి అడ్డుకోవడాన్ని బ్లాకు అంటారు. మా ఊళ్ళలో బ్లాకు చేసినప్పుడు బంతి చేతికి తగిలితే అదీ ఒక టచ్చే. తగిలింది కదా, ఒకటి. అంతే. అయినా మా ఆటలో బ్లాకుకు ఎగిరేవాళ్ళే తక్కువ. ఎగిరినా బంతి అవతలే పడేది. కాబట్టి ఆ లెక్క గురించి ఎన్నడూ తగువు రాలేదు.

ఆ చలికాలంలో మా క్యాంపుకు కొత్తగా ఒకాయన వచ్చాడు. గోదావరి లంకల వైపు మనిషి. ఇంకో కంపెనీలో పని అయిపోతే, అక్కడి కఫీల్, అంటే వీసా ఇచ్చిన యజమాని, వదులుతున్నట్టు కాగితం ఇస్తే, ఇటు వచ్చాడు. నాకంటే ఆరేడేళ్ళు పెద్ద. ఇనుప కమ్మీలను సన్న తీగతో ముడివేసి కట్టే పని ఆయనది. ఆ తీగ వేళ్ళను కోస్తుంది. సాయంత్రం గోరువెచ్చటి ఉప్పునీళ్ళలో వేళ్ళు నానబెట్టి, తుడుచుకుని, కొబ్బరినూనె రాసుకునేవాడు. ఆడవాళ్ళ సింగారమని మేము ఆటపట్టించేవాళ్ళం. "ఈ ఏళ్ళతోనే కదా తమ్ముడూ బంతి లేపాలి" అనేవాడు. మొదటిసారి ఆయన బంతి లేపినప్పుడు చప్పుడు కాలేదు. మా లిఫ్టర్లు బంతిని కొట్టినట్టు లేపేవారు. ఆయన వేళ్ళ మీద అది ఒక్క క్షణం కూర్చుని వెళ్ళినట్టుండేది.

శుక్రవారం పొద్దున ఆయన మనామాలో తెలుగు క్రైస్తవ సహవాసం ఆరాధనకు వెళ్ళేవాడు. అక్కడినుంచి నేరుగా మైదానానికి వచ్చి, తెల్లచొక్కా మడిచి సంచిలో పెట్టి, బనియన్‌తో దిగేవాడు. ఎండాకాలంలో కాంట్రాక్టు అయిపోగానే ఇంటికి వెళ్ళిపోతానని, మళ్ళీ రానని ముందే చెప్పాడు. "ఎల్లేలోగా ఒక్క కప్పు ముట్టుకోవాలి" అన్నాడు ఒకసారి కూరగాయలు తరుగుతూ. "మా పాత కంపెనీలో మలయాళీలతో ఆడేవోణ్ణి. ఎప్పుడూ ఆఖర్లో పోయేది."

ఆ ఏడాది కంపెనీల మధ్య పోటీలు పెట్టారు. ఈసా టౌన్ దగ్గర ఒక మైదానంలో, శుక్రవారాలు మధ్యాహ్నం. మా కెప్టెన్ కంపెనీ బస్సు డ్రైవర్. కాకినాడ మనిషి. మా దగ్గర లిఫ్టర్లు ఇద్దరున్నారు. ఒకరు ఈయన. ఇంకొకరు మా వైపు పెయింటర్. పెయింటర్ మంచి ఆటగాడే, కానీ జాగ్రత్త మనిషి. ఏమాత్రం అనుమానం వచ్చినా బంతిని లేపకుండా అవతలికి తోసేసేవాడు. కెప్టెన్ లంకల మనిషినే దించాడు. దాంతో మా వైపువాళ్ళకు మొదటి రోజునుంచే గొణుగుడు మొదలైంది. ఆంధ్రోడు ఆంధ్రోణ్ణి తీసుకున్నడు. అయినా గెలుస్తూ పోయాం. గెలుస్తున్నంతసేపు గొణుగుడుకు బలం ఉండదు.

సెమీఫైనల్ ఒక గ్యారేజీ కంపెనీ మలయాళీలతో. చెరొక సెట్టు గెలిచాం. మూడో సెట్టు చివర వాళ్ళకు ఒక్క పాయింటు చాలు, సర్వీసు వాళ్ళదే. బంతి అటూ ఇటూ తిరిగాక వాళ్ళ షూటర్ గట్టిగా కొట్టాడు. నెట్ దగ్గర మావాళ్ళిద్దరు ఎగిరారు. బంతి వాళ్ళ చేతులకు తగిలి మా వైపే వెనక్కి లేచింది.

"ఒకటి!" అన్నాను నేను. అందరూ అన్నారు.

వెనకున్నవాడు పడుతూ పడుతూ దాన్ని ముందుకు పంపాడు.

"రెండు!"

లంకల మనిషి కిందికి దూరి, రెండు చేతులా బంతిని లేపాడు. అంత చక్కటి లిఫ్టు నేను తర్వాత కూడా చూడలేదు. నెట్‌కు జానెడు దూరంలో, షూటర్ చేతికి అందేంత ఎత్తులో నిలబడింది.

"మూడు!"

మా షూటర్ జగిత్యాల వైపు తాపీమేస్త్రి. పరుగెత్తి వస్తున్నవాడు ఆగిపోయాడు. పైకెత్తిన చెయ్యి దించేశాడు. బంతి ఆయన ముందు మట్టిలో పడింది. రిఫరీ ఈల వేసి చెయ్యి మలయాళీల వైపు చాచాడు.

కాసేపు ఎవరికీ ఏమీ అర్థం కాలేదు. తర్వాత అందరికీ ఒకేసారి అర్థమైంది. మూడో టచ్ లేపాడు. మూడో టచ్ ఎవడైనా లేపుతాడా?

ఆ సాయంత్రం మనామాకు వెళ్ళాం. నయీమ్‌లో ఒక చాయ్ దుకాణం ముందు బెంచీలు ఉండేవి. శుక్రవారం సాయంత్రాలు అవి మావే. మ్యాచ్ చూసిన వేరే క్యాంపులవాళ్ళు కూడా చేరారు. గ్లాసులు చేతికి రాకముందే పంచాయితీ మొదలైంది.

"పెయింటర్ ఉంటే గా బాల్ అవతల వడేది. ఖలాస్."

"అవతల పడితే ఆళ్ళు మళ్ళీ కొట్టేవోరు కాదేంటి? మీ పెయింటరు తోయడం తప్ప ఏం చేస్తాడెహె."

"తోసుడే గావాల్నాయె అప్పుడు! ఎత్తుడెందుకు?"

"పొద్దున్నుంచి ఉపాసమున్నడట. ప్రార్థనకాడ. కండ్లు తిరిగినయేమో."

"ఉపవాసం నీకేం అడ్డొచ్చింది? నువ్వు రెండు పూటలా బిర్యానీ తిని బెంచీ మీద కూర్చున్నావు కదా, నువ్వేం గెలిపించావ్?"

"కెప్టెన్‌ను అడుగుండ్రి. ఆయన తీసుకున్నడు, ఆయన చెప్పాలె."

కెప్టెన్ గ్లాసులోకి చూస్తూ, "ఒరే నాయనా, ముందు నన్ను చాయ్ తాగనివ్వండి. రేపు బస్సు తోలేది నేనే, గుర్తెట్టుకోండి" అన్నాడు. అందరూ నవ్వారు. షూటర్ ఒక్కడే నవ్వలేదు. బెంచీ చివర కూర్చుని కాలి గోరులో మట్టి తీసుకుంటున్నాడు.

అప్పుడు లంకల మనిషి వచ్చాడు. ఎక్కడో మొహం కడుక్కుని, మళ్ళీ తెల్లచొక్కా వేసుకుని వచ్చాడు. ఎవరూ జరగలేదు. నిలబడే అన్నాడు:

"అది మూడోది కాదండి. బ్లాకుకి తగిలింది లెక్కలోకి రాదు. ఆ తర్వాత మూడు ఉంటాయి మనకి. ఎనకాయనది ఒకటి, నాది రెండు. కొట్టాల్సింది మూడు. అందుకే లేపేను."

నెమ్మదిగా, ఎవరినీ తప్పు పట్టకుండా చెప్పాడు. అందరూ నా వైపు చూశారు. లెక్క ఎత్తుకున్నది నేను కదా. ఆయన అన్నది నిజమైతే తప్పు ఎక్కడుందో ఆ బెంచీల మీద ఉన్న ప్రతివాడికీ ఆ క్షణంలో తట్టి ఉండాలి. నాకు తట్టిందో లేదో ఇప్పుడు చెప్పలేను. మాట మాత్రం తన్నుకుని వచ్చింది.

"ఓహో! తగిలినా తగలనట్టేనా అన్నా? మస్తుంది గిదేదో. రేపు పొద్దుగాల పోయి ఫోర్‌మన్ చెంప మీద ఒక్కటి పీకుత. సార్, ఇది బ్లాకు, లెక్కకు రాదు అంట!"

నయీమ్ వీధంతా నవ్విందేమో అన్నట్టు నవ్వారు. దుకాణంలో చాయ్ పోసే మలబారీ కూడా, ఏమీ అర్థం కాకుండానే నవ్వాడు. కెప్టెన్ చాయ్ పొలమారి దగ్గాడు. లంకల మనిషి కూడా నవ్వాడు. నవ్వి, "అది కాదు తమ్ముడూ" అన్నాడు. ఆ మాట ఎవరికీ వినబడలేదు. వాదన అక్కడితో ముగిసింది. నేను గెలిచాను.

మర్నాడు పొద్దున బస్సులో ఒకడు ఇంకొకడి కాలు తొక్కి, "బ్లాకు భాయ్, లెక్కకు రాదు" అన్నాడు. మధ్యాహ్నం అన్నం దగ్గర ఒకడు రెండు చేప ముక్కలు వేసుకుని అదే మాట అన్నాడు. మూడు రోజుల్లో అది పక్క క్యాంపుకు పాకింది. సైటు మీద పైనుంచి నాకు వినబడేది. కింద కమ్మీల దగ్గర వంగి తీగ ముడివేస్తున్న ఆయన వెనక ఎవరో ఇటుక జారవిడిచి, "బ్లాకు!" అని అరిచేవాడు. ఆయన తిరిగి చూసేవాడు కాదు. వంట వంతు వచ్చిన రోజు మాటలు లేకుండా వండిపెట్టి గదిలోకి వెళ్ళిపోయాడు. గోరువెచ్చటి ఉప్పునీళ్ళ గిన్నె మాత్రం రోజూ గుమ్మం దగ్గర కనబడేది. ఆయన ఇంకా ఆడాలనే అనుకుంటున్నాడని దాన్నిబట్టి తెలిసేది.

వచ్చే శుక్రవారం మూడో స్థానానికి ఆట ఉంది. దానికీ ఒక చిన్న కప్పు ఉంది. అది ఆయనకు బహ్రెయిన్‌లో ఆఖరి ఆట. ఆ తర్వాత ఎండలు, ఆ తర్వాత ప్రయాణం. ఈ సంగతి అందరికీ తెలుసు.

వారం మధ్యలో అన్నాలయ్యాక కెప్టెన్ అందరినీ వంటగది దగ్గర పోగుచేశాడు. "నా మీద పడి ఏడవకండి. ఎవరు లేపాలో మీరే చెప్పండి" అన్నాడు. లంకల మనిషి గోడకు ఆనుకుని ఉన్నాడు.

"ఒక్క ఆటే కదండి" అన్నాడు. "నేను లేపుతాను. ఈసారి బ్లాకు తగిలితే నేనే అరిచి చెప్తాను, ఇంకా ఉందని. షూటర్ గారు నా మాట వింటే చాలు."

"మీ మాట ఇంటే గద గిట్లయింది" అన్నారెవరో వెనకనుంచి.

షూటర్ తల దించుకున్నాడు. కెప్టెన్ చేతులెత్తమన్నాడు. పెయింటర్‌కు మా వైపువాళ్ళందరూ ఎత్తారు. నేనూ ఎత్తాను. కోస్తావాళ్ళు ఆయన వైపు ఎత్తుతారనుకున్నాను. నలుగురైదుగురు ఎత్తారు. మిగిలినవాళ్ళు పెయింటర్‌కే ఎత్తారు. ఐదు రోజులుగా ఆ వెటకారం వాళ్ళకూ తగులుతోంది. అది వదిలించుకోవాలనుకున్నారు. ఆయన ఎత్తిన చేతులన్నీ చూశాడు. "సరేనండి, నీళ్ళ డబ్బా నేను తెస్తాను" అన్నాడు.

శుక్రవారం ఆయన నిజంగానే నీళ్ళ డబ్బా మోసుకొచ్చాడు. గీత పక్కన, నాకు రెండడుగుల దూరంలో నిలబడ్డాడు. అవతల పంజాబీ మేస్త్రుల జట్టు. రిఫరీ పాత రిఫరీయే, ఈసా టౌన్‌లో ఏదో బడిలో ఆటలు నేర్పే బహ్రెయినీ మాస్టారు. పెయింటర్ తన పద్ధతిలో జాగ్రత్తగా ఆడాడు. మొదటి సెట్టు గెలిచాం.

రెండో సెట్టు మధ్యలో మా షూటర్ కొట్టిన బంతి పంజాబీల బ్లాకుకు తగిలి వాళ్ళ వైపే లేచింది. నేను గొంతెత్తాను.

"ఒకటి!"

వెనకవాడు ఆపాడు. "రెండు!" లిఫ్టర్ లేపాడు. "మూడు!" వాళ్ళ షూటర్ ఎగిరి కొట్టాడు. "నాలుగు! నాలుగు!" అని మేమంతా చేతులూపుతూ గీత మీదికి ఉరికాం. బంతి మా మట్టిలో పడింది. రిఫరీ ఈల వేసి పాయింటు వాళ్ళకు ఇచ్చాడు. మేము అరుస్తూనే ఉన్నాం. ఆయన మమ్మల్ని చూసి, చిన్నపిల్లలను చూసినట్టు తల అడ్డంగా ఊపి, ఆట సాగించమన్నాడు.

నేను పక్కకు తిరిగి చూశాను. లంకల మనిషి నా వైపు చూడలేదు. చూశావా అన్నట్టు ఒక్క సైగ చేసినా బాగుండేది. డబ్బా మూత తిప్పుతూ ఆట చూస్తున్నాడు.

ఆ మ్యాచ్ గెలిచాం. పెయింటర్‌ను భుజాల మీద ఎత్తుకున్నారు. చిన్న కప్పు చేతులు మారుతోంది. ఆ సందడిలో నేను రిఫరీ దగ్గరకు వెళ్ళాను. వచ్చిన హిందీలో, వేళ్ళతో, నాలుగు టచ్‌లు ఎందుకు ఇచ్చావని అడిగాను. ఆయన రెండు అరచేతులు పైకెత్తి బ్లాకు చూపించాడు. "బ్లాక్, మాఫీ టచ్" అన్నాడు. లేదు, లెక్కలో లేదు. తర్వాత మూడు వేళ్ళు చూపించాడు. "బాద్ మే తీన్. ఖలాస్." మాఫీ అనే అరబ్బీ మాట సైటు మీద రోజూ వింటాం. నీళ్ళు మాఫీ, ఓవర్‌టైం మాఫీ. అంత తేలికైన మాటలో చెప్పాడు.

బస్సులో పాటలు. లంకల మనిషి డ్రైవర్ వెనక సీట్లో ఖాళీ డబ్బా కాళ్ళ మధ్య పెట్టుకుని కూర్చున్నాడు. కప్పు వెనక సీట్లలో తిరుగుతోంది, ముందుకు రాలేదు. నేను నిలబడి ఉన్నాను. నయీమ్‌లో బెంచీ మీద కూర్చున్నాక చెబుదాం అనుకున్నాను. అందరూ ఉన్నప్పుడు, చాయ్ తాగుతూ, తీరుబడిగా. మాటలు కూడా కూర్చుకున్నాను.

బెంచీల దగ్గర ఆ రోజు మామూలుకంటే జనం ఎక్కువ. ఇంకో క్యాంపు నుంచి వచ్చిన సిరిసిల్ల అతను నన్ను పట్టుకున్నాడు. "అన్నా, గా ఫోర్‌మన్ ముచ్చట నీదేనట గద. నీ నోటెంబడి ఇనాలె. చెప్పన్నా ఒక్కసారి." చుట్టూ చేరారు. "చెప్పన్నా, చెప్పు." లంకల మనిషి బెంచీ ఆ చివర చాయ్ గ్లాసు పట్టుకుని ఉన్నాడు. ఈసారి ఆయనకు జరిగి చోటిచ్చారు. గెలిచిన రోజు కదా.

నేను చెప్పాను. ఫోర్‌మన్ చెంప, సార్ ఇది బ్లాకు, లెక్కకు రాదు. ఈసారి చెయ్యి కూడా ఊపి చూపించాను. మొదటిసారికంటే బాగా నవ్వారు. నవ్వు తగ్గాక చూస్తే బెంచీ చివర గ్లాసు ఉంది, మనిషి లేడు. గ్లాసులో చాయ్ సగం ఉంది.

మొదటిసారి అన్నప్పుడు నాకు తెలియదని ఎవరైనా నన్ను వదిలేయవచ్చు. ఈ రెండోసారికి అలాంటి అడ్డు లేదు. గంట కిందట రిఫరీ మూడు వేళ్ళు నా కళ్ళ ముందు పెట్టి చూపించాడు. ఇన్నేళ్ళుగా నన్ను పట్టుకున్నది రెండోసారే.

ఎండలు ముదిరాక ఆయన ప్రయాణమయ్యాడు. ఇంటికి వెళ్ళేవాళ్ళ చేతికి తలా ఒక పొట్లం ఇవ్వడం అక్కడి రివాజు. నేనూ, ఆయన విమానం దిగే బొంబాయిలోనే ఉన్న మా బావమరిదికి అందజేయమని ఒక చీర, రెండు సబ్బులు ఇచ్చాను. వద్దంటాడేమో అనుకున్నాను. తీసుకున్నాడు. పొట్లానికి తనే ఇంకో తాడు చుట్టి, కమ్మీలకు వేసే ముడి వేశాడు.

"అన్నా" అన్నాను.

"వచ్చే ఏడు మళ్ళీ ఆడతారు కదా" అన్నాడు. "ఆ బ్లాకు సంగతి షూటర్ గారికి కాస్త చెప్పు తమ్ముడూ. నువ్వు చెప్తే వింటాడు. లేకపోతే మళ్ళీ అక్కడే ఆగిపోతాడు."

ఆయన బంతి గురించే మాట్లాడాడు. తన గురించి ఒక్క మాట లేదు. బస్సు వచ్చింది, సామాన్ ఎక్కించాం, ఎక్కాడు. చీర, సబ్బులు సరిగ్గా అందాయి. చిరునామా దొరక్క ఆయన బొంబాయి ఎండలో సగం పూట తిరిగాడని మా బావమరిది ఉత్తరంలో రాశాడు.

మరుసటి ఏడాది పోటీలకు ముందు నేను అందరినీ కూర్చోబెట్టి బ్లాకు సంగతి చెప్పాను. రిఫరీని అడిగి తెలుసుకున్నానని చెప్పాను. బ్లాకు తగిలితే ఇకనుంచి లెక్క మొదలుపెట్టవద్దన్నాను. అందరూ తలలూపారు. ఎంత తెలివి అన్నట్టు చూశారు కూడా. పోయిన ఏడాది లంకల మనిషి లేపినది సరైన బంతి అని మాత్రం చెప్పలేదు. ఎవరో ఒకరు తామే రెండూ కలుపుకుని అడుగుతారనుకున్నాను. అడిగితే ఒప్పుకుందామనుకున్నాను. ఒక్కరూ అడగలేదు. కొత్త రూలు ప్రకారం ఆడారు, పాత కథ ప్రకారం నవ్వారు. రెండూ పక్కపక్కనే నడిచాయి.

ఈ మధ్య మా షూటర్ కూతురి పెళ్ళికి వెళ్ళాను. ఆయనకు ఇప్పుడు జుట్టు తెల్లబడింది, ఎరువుల దుకాణం ఉంది. పెయింటర్ వచ్చాడు, ఇంకా ఐదారుగురం పాతవాళ్ళం. భోజనాల దగ్గర మళ్ళీ ఆ మ్యాచ్ ఎత్తుకున్నారు. చుట్టూ కుర్రవాళ్ళు వింటున్నారు. కథ చివరికి వచ్చాక నేను అన్నాను:

"తప్పు ఆయనది గాదు. బ్లాకు టచ్ గాదు గద. ఆయన ఎత్తింది రెండోది."

"గా రూలు మాకెర్క లేదానే?" అన్నాడు పెయింటర్. "నువ్వే చెప్తివి గద."

"ఎర్కుంటే మరి తప్పెవ్వరిది? ఆయనదెట్లయితది?"

పెయింటర్ ఒక్క క్షణం ఆలోచించినట్టే కనబడ్డాడు. తర్వాత ముసిముసిగా నవ్వుతూ వంగి నా చెంప మీద మెత్తగా ఒకటి వేశాడు.

"గిది బ్లాకు కాకా. లెక్కకు రాదు."

విస్తళ్ళు ఎగిరిపడేలా నవ్వారు. కుర్రవాళ్ళు మరీ నవ్వారు. ఇంకోసారి చెప్పబోయాను. "అది గాదురా" అన్నాను. ఎవరికీ వినబడలేదు.

చేతులు కడుక్కునే చోట షూటర్ చెంబుతో నా చేతుల మీద నీళ్ళు పోశాడు. అక్కడ మేమిద్దరమే ఉన్నాం. అడిగాను.

"గా దినం ఎందుకాగినవ్ నువ్వు? బాల్ చేతికందేటట్టు ఉండె గద."

"మూడు అన్నరు గద మీరు" అన్నాడు, అదేమంత పెద్ద సంగతి కానట్టు. "మూడు అన్నంక ఎట్ల గొడుత? నీ గొంతే ఇనవడ్డది నాకు."

"మరి గప్పుడే చెప్పకపోతివి?"

"అందరు ఆయనను అంటున్నరు. నన్నెవ్వలు అంటలేరు." చెంబు దించాడు. "ఇప్పుడెందుకే గవన్ని. లోపలికి రా, పాన్ తిను."

లంకల మనిషి ఊరు పేరు నాకు సరిగ్గా తెలియదు. తెలిసినవాళ్ళు ఎవరూ కనబడలేదు. ఇది ఆయన చదువుతాడన్న ఆశా లేదు. ఆ కథ విన్నవాళ్ళు మాత్రం చాలామంది ఉన్నారు. అందుకని ఆ లెక్క మళ్ళీ మొదటినుంచి పెడుతున్నాను. బ్లాకుకు తగిలింది లెక్కలోకి రాదు. వెనక ఆటగాడు ఆపింది ఒకటి. ఆయన లేపింది రెండు. మూడోది ఎవరూ కొట్టలేదు. కొట్టనివ్వలేదు, నేను అరిచాను.